మేనల్లుడు నేర్పిన పాఠం



చాలా రోజుల తరువాత ఈ జాలగూట్లో దీపం పెడుతున్నాను. ఇన్నాళ్ళూ ఏమైపోయారని అడిగినవారికి నా సమాధానం ఒకటే: చదువుకుంటున్నాను. అరవై అయిదేళ్ళ వయసులో చదువేమిటని నవ్వకండి. ముప్పై అయిదేళ్ళపాటు తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పి 2019లో పదవీ విరమణ చేసిన నేను, 2024 ఆగస్టులో మళ్ళీ బడికి వెళ్ళి, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి ముందు కూర్చుని, ఫోను పట్టుకుని పాఠం చెప్పడం నేర్చుకున్నాను. ఆ చదువు వల్ల కలిగిన సందేహాలను తీర్చుకోవడానికి పాత నివేదికలూ విద్యా చరిత్రలూ తిరగవేశాను. ఈ టపా ఆ తిరగవేతకు ఫలితం. కొంచెం పొడుగైంది. ఓపిక చేసుకుని చదవగలరు.

సంగతి ఇది. మా ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయిని ప్రసూతి సెలవు మీద వెళ్ళారు. ప్రధానోపాధ్యాయులు మా ఇంటికి వచ్చి, "మాష్టారూ, వారానికి మూడు రోజులు తొమ్మిదో తరగతికి వ్యాకరణం చెప్పిపెట్టండి" అన్నారు. సుద్దముక్క వాసన తగిలి ఎన్నాళ్ళయిందో! మారు మాట లేకుండా ఒప్పుకున్నాను. అక్కడ లెక్కలు చెప్పే అమ్మాయి నా పూర్వ విద్యార్థిని. ఒకరోజు విరామ సమయంలో ఆమె ముప్పై నాలుగు అట్టముక్కల కట్ట నా చేతిలో పెట్టింది. ఒక్కొక్క దాని మీద నల్లని గళ్ళతో ఏదో ముగ్గు. ఏ రెండు ముగ్గులూ ఒకటి కావు. నాలుగు అంచులలో చిన్న అక్షరాలలో ఎ, బి, సి, డి.

"ఏమిటమ్మా ఇవి, పేకముక్కలా?" అన్నాను.

"ప్లికర్సు కార్డులు మాష్టారూ. ప్రశ్న తెర మీద కనబడుతుంది. పిల్లలు తమకు తోచిన జవాబు అక్షరం పైకి వచ్చేలా అట్టను తిప్పి పట్టుకుంటారు. మీరు ఫోను కెమెరాను గది అంతా ఒకసారి తిప్పితే చాలు. ఎవరు ఏ జవాబు చెప్పారో వచ్చేస్తుంది. పిల్లల దగ్గర ఫోన్లు ఉండనక్కరలేదు."

ఆమె ఓపిక గొప్పది. ఖాతా తెరవడం, పిల్లల పేర్లు ఎక్కించడం, ప్రశ్న టైపు చేయడం, మూడు సాయంత్రాలు పట్టింది. నా వేళ్ళు వణికి కెమెరా కదిలిపోతే, "గంటం పట్టుకున్నట్టు పట్టుకోండి మాష్టారూ" అని నా మాటనే నాకు అప్పజెప్పింది. చిన్నప్పుడు దాని చేతిరాత దిద్దుతూ నేను అన్న మాటట అది.

ఇలాంటి పనిముట్లను ఆంగ్లంలో ఇంటరాక్టివ్ అంటారు. దానికి తెలుగేమిటని రెండు రోజులు కొట్టుకుని, 'మారుపలికే పనిముట్లు' అని పెట్టుకున్నాను. మనం పలికితే మారు పలికేవి. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తోస్తే వ్యాఖ్యలో వ్రాయండి, సంతోషంగా మార్చుకుంటాను.

మొదటి ప్రశ్నగా చాలా తేలికైనది ఇచ్చాను. మేన + అల్లుడు = మేనల్లుడు, ఇది ఏ సంధి? ఎ) అత్వసంధి, బి) సవర్ణదీర్ఘసంధి, సి) ఉత్వసంధి, డి) యడాగమం. ఈ సంధులన్నీ ముందు వారమే చెప్పాను. నల్లబల్ల మీద ఉదాహరణలు వ్రాసి "అర్థమయిందా?" అని అడిగితే ముందు బల్లల నుండి "అర్థమయిందండీ!" అని గొంతులు లేచాయి కూడా. ఫోను తిప్పాను. ఆ రోజు తరగతిలో ముప్పై ఒక్క మంది ఉన్నారు. తెర మీద కడ్డీలు లేచాయి. అత్వసంధి అన్నవారు తొమ్మిదిమంది. ఉత్వసంధి ఇద్దరు, యడాగమం ఒక్కరు. సవర్ణదీర్ఘం అన్నవారు పందొమ్మిది మంది!

మొదట యంత్రాన్ని అనుమానించాను. మళ్ళీ తిప్పాను. మళ్ళీ పందొమ్మిదే.

పాఠక మిత్రులు వ్యాకరణం మరచిపోయి ఉంటారేమో, ఒక్క మాట చెబుతాను. రామ + అనుజుడు కలిసి రామానుజుడు అవుతుంది. ఇవి సంస్కృత శబ్దాలు. అకారానికి అకారం పరమై దీర్ఘం వచ్చింది. ఇది సవర్ణదీర్ఘం. మేన, అల్లుడు తెలుగు మాటలు. అక్కడ మేనలోని చివరి అకారం లోపించి మేనల్లుడు అయింది. ఇది అత్వసంధి. సవర్ణదీర్ఘమే అయితే 'మేనాల్లుడు' కావాలి. అలా ఎవరూ అనరు గదా!

మూడో బల్లలో కూర్చునే ఒక కుర్రవాణ్ణి లేపి అడిగాను. వాడు వారం రోజులలో ఒక్కసారైనా నోరు తెరవలేదు. నేలచూపులు చూస్తూ మెల్లగా అన్నాడు: "చింతాకులో అలాగే వచ్చిందిగా అండీ."

నాకు గుండెలో రాయి పడ్డట్టయింది. చింత + ఆకు = చింతాకు. అత్వసంధికి నేను ముప్పై అయిదేళ్ళుగా చెబుతూ వచ్చిన మొట్టమొదటి ఉదాహరణ అది. అది అత్వసంధే, సందేహం లేదు. చింత అన్నదానిలోని అకారం లోపించి ఆకులోని ఆకారం నిలిచింది. కాని చూసేవాడికి ఏమి కనిపిస్తుంది? అ, ఆ కలిసి ఆ అయినట్టే కనిపిస్తుంది. సవర్ణదీర్ఘం చేసినా వచ్చేది అదే రూపం. రెండు సంధులకూ తేడా తెలియని ఉదాహరణను రెండు సంధుల తేడా చెప్పడానికి వాడుతూ వచ్చాను! తెలుగు మాటా, సంస్కృతం మాటా అని ముందు చూసుకోవాలని ఒక వాక్యంలో చెప్పి దాటేసేవాణ్ణి. ముందు బల్లలవారు ఆ వాక్యాన్ని పట్టుకున్నారు. వెనుకవారు చింతాకును పట్టుకున్నారు. ముప్పై అయిదేళ్ళలో ఎన్ని వందల మంది చింతాకు పట్టుకుని వెళ్ళిపోయారో!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు నాదే, ఒప్పుకున్నాను. కాని ఇన్నేళ్ళు ఆ తప్పు నాకెందుకు కనబడలేదన్న ప్రశ్న నన్ను వదలలేదు. నేను నిర్లక్ష్యంగా పాఠం చెప్పినవాణ్ణి కాను. అందుకే చరిత్రలోకి వెళ్ళాను.

* * *

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, తన రాజధాని పరిధిలో ఎన్ని బడులున్నాయో, ఎవరెవరు చదువుకుంటున్నారో లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. ఆ లెక్కలన్నీ కూడి 1826లో తేల్చిన సంఖ్య: 12,498 బడులు. జనాభా 1,28,50,941. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. ఆ కలెక్టర్లలో బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ మనకు పరాయివాడు కాడు. 1816లో తెలుగు భాషకు ఆంగ్లంలో వ్యాకరణం వ్రాసినవాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే, 1882లో గాని విడివడలేదు. కనుక 1823 ఆగస్టు 17న ఆయన పంపిన నివేదికలో కనిపించేది మన వీధిబడి కూడా.

ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వారిలో ఆడపిల్లలు కేవలం 60 మంది. నేటి మా తొమ్మిదో తరగతిలో సగానికి పైగా ఆడపిల్లలే. పాత బడిని తలచుకుని పొంగిపోయే ముందు ఈ అంకెను ఒకసారి చూసుకోవాలి.

ఇక బడి నడిచే తీరు. తెల్లవారుతూనే బడి మొదలు. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న, మెప్పూ లేదు తిట్టూ లేదు అని. మూడోవాడి నుండి బెత్తం మొదలు. పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. తరువాత తాటాకు, గంటం. వాటితోబాటు కడితం అని ఒకటి ఉండేది. గుడ్డకు గంజీ బొగ్గుపొడీ పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టి, దాని మీద బలపంతో వ్రాసేవారు. చెరిపి మళ్ళీ వ్రాసుకోవచ్చు. మా తాతగారి తరం వ్యాపారస్తుల ఇళ్ళలో కడితం అన్న మాట వినబడేది. నేటి పిల్లల చేతిలోని పలక యంత్రానికి మన భాషలో ముత్తాత ఎవరని అడిగితే కడితాన్నే చూపిస్తాను.

అన్నింటికన్నా ముఖ్యమైనది మరొకటి. పిల్లలను నాలుగు తరగతులుగా విడదీసి, ముందున్నవారి చేత వెనుకనున్నవారికి పాఠం చెప్పించేవారు. పంతులు అందరినీ ఒక కంట కనిపెడుతూ ఉండేవాడు. అంటే ప్రతి పిల్లవాడూ రోజూ ఎవరో ఒకరికి పాఠం అప్పజెప్పవలసిందే. మౌనంగా మూడో బల్లలో దాక్కోవడానికి అక్కడ బల్లే లేదు. ఈ పద్ధతి మెచ్చదగినదనీ, ఇంగ్లండులో దీనిని అనుకరించడం సమంజసమేననీ కాంప్‌బెల్ వ్రాశాడు.

ఆ అనుకరణ కథ కూడా మన దక్షిణాదిదే. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కోసం నడిచిన ఆశ్రమ పాఠశాలకు ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు పర్యవేక్షకుడయ్యాడు. దగ్గరలోని ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయడం చూసి, తన బడిలోనూ అలా నేర్పమన్నాడు. ఉపాధ్యాయులు ససేమిరా అన్నారు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ బాలుడికి ఆ పని అప్పగించాడు. పెద్దలు కాదన్న పని పిల్లవాడు చేసి చూపించాడు. బెల్ స్వదేశానికి తిరిగి వెళ్ళి 1797లో తన ప్రయోగాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. అది 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఇంగ్లండులో వ్యాపించింది. కొత్త పనిముట్టును చూసి ఉపాధ్యాయులు బిగుసుకుపోవడం, పిల్లలు ముందుకు రావడం అప్పటికే ఉన్నదన్నమాట! ఈ ముక్క చదివి నా మూడు సాయంత్రాల మొరాయింపు గుర్తుకువచ్చి నవ్వుకున్నాను.

అయితే కాంప్‌బెల్ ఒక లోపాన్ని కూడా దాచకుండా వ్రాశాడు. పిల్లలు పద్యాలను ధారాళంగా అప్పజెబుతారు గాని వాటి అర్థం చిలుకకు తెలిసినంతే తెలుసునని ఆయన బాధ. పుస్తక భాషకూ వాడుక భాషకూ దూరం ఎక్కువ కావడం అందుకు ఒక కారణమన్నాడు. అంటే మన వీధిబడి ప్రతి పిల్లవాడి గొంతూ విన్నది. ఆ గొంతు వెనుక అర్థం ఉన్నదో లేదో మాత్రం అడగలేదు.

* * *

19వ శతాబ్ది ఆరంభంలో నల్లబల్ల వచ్చింది. అమెరికాలో వెస్ట్‌పాయింటు సైనిక విద్యాలయంలో గణితానికీ, ఎడింబరోలో జేమ్స్ పిల్లన్స్ చేతిలో భూగోళ పాఠాలకూ తొలినాళ్ళలోనే పేరు తెచ్చుకుంది. దాని గొప్పతనం సామాన్యం కాదు. ఒక్కసారి వ్రాస్తే అరవై మందికి కనిపిస్తుంది. నల్లబల్లను నిందించే అర్హత నాకు లేదు, దాని నీడనే బతికాను. కాని అది వచ్చాక పిల్లల ముఖాలన్నీ ఒకే దిక్కుకు తిరిగాయి. వ్రాస్తున్నంతసేపూ ఉపాధ్యాయుని వీపు వారి వైపు తిరిగి ఉంది. ఒకరు పలకడం, అరవై మంది వినడం. "అర్థమయిందా?" అంటే నలుగురు పలికే పలుకు అరవై మంది పలుకుగా చెల్లుబాటైంది. నా చింతాకు ముప్పై అయిదేళ్ళు దాగినది ఈ నలుగురి పలుకు చాటునే.

ఈ ఇబ్బందిని యంత్రంతో తీర్చాలనుకున్నవారిలో హార్వర్డు మనస్తత్వవేత్త బి. ఎఫ్. స్కిన్నరు ఒకడు. 1953లో తన కుమార్తె లెక్కల తరగతికి వెళ్ళి వెనుక కూర్చున్నాడు. కొందరు పిల్లలు లెక్క ముగించి ఖాళీగా ఉన్నారు. కొందరు ఎటూ తోచక కూర్చున్నారు. చేసినది తప్పో ఒప్పో ఎవరికీ అప్పటికప్పుడు తెలియదు, మరునాటి దాకా ఆగాలి. ఆ మరుసటి సంవత్సరమే ఆయన బోధన యంత్రాన్ని ప్రదర్శించాడు. ప్రశ్న కనిపిస్తుంది, పిల్లవాడు జవాబిస్తాడు, తప్పొప్పులు వెంటనే తెలుస్తాయి.

1960లో ఇలినాయి విశ్వవిద్యాలయంలో డోనాల్డు బిట్జరు ఆధ్వర్యంలో ప్లేటో అనే కంప్యూటరు బోధన వ్యవస్థ పుట్టింది. 1972 నాటికి దాని తెరను వేలితో తాకి జవాబు చెప్పే ఏర్పాటు కూడా వచ్చింది. ఈ రోజుల్లో మనవలు వేలితో తెర మీద గీస్తుంటే ఇదంతా నిన్న మొన్న పుట్టిందనుకుంటాం. దానికి అర్ధ శతాబ్దం దాటింది. వేలితో వ్రాయడమంటారా, మన ఇసుక బడి ఇంకా పాతది.

మన దేశానికి వస్తే, 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సైట్ అనే ఉపగ్రహ ప్రయోగం నడిచింది. అమెరికా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలకు టెలివిజను పాఠాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసారం జరిగిన నాలుగు భాషలలో తెలుగు ఒకటి. ఉదయం బడిపిల్లల కార్యక్రమం. కరెంటు సరిగా లేని పల్లెలో ఆకాశం నుండి తెలుగు పాఠం దిగిరావడం ఎంతటి అద్భుతమో! వేలాది ఉపాధ్యాయులకు విజ్ఞాన శాస్త్రం ఎలా చెప్పాలో కూడా దాని ద్వారా నేర్పారు. కాని ఆ పెట్టెకు చెవులు లేవు. పిల్లవాడికి అర్థం కాకపోతే ఆ సంగతి ఆకాశానికి తెలియదు. పైగా ఉపగ్రహం అరువు సొమ్ము. ఏడాది గడవగానే తిరిగి వెళ్ళిపోయింది.

ఆ తరువాత 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం కింద తొలి విడతగా 250 బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన సంవత్సరం అది. నేను చూసిన ఒక బడిలో ఆ యంత్రానికి పట్టుగుడ్డ కప్పి, గదికి తాళం వేసి, లోపలికి వెళ్ళేవారు చెప్పులు విడిచి వెళ్ళాలని నియమం పెట్టారు. పిల్లలు కిటికీ నుండి దర్శనం చేసుకునేవారు. భక్తి ఉన్నది, మారుపలుకు లేదు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎడ్యుశాట్ ఎగిరింది. ఈసారి ఉపగ్రహం మన సొంతం. రెండు వైపులా మాట్లాడుకునే వీలు కూడా దానిలో ఉన్నది. అయినా పల్లెబడి దాకా వచ్చేసరికి చాలాచోట్ల అది చూసే పెట్టెగానే మిగిలింది.

తెలుగు చెప్పేవాడికి మరో అడ్డంకి కూడా ఉండేది. మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1991 నాటి తొలి యూనికోడులోనే తెలుగుకు చోటు దొరికింది గాని, సామాన్యుడి కంప్యూటరులో తెలుగు అక్షరం కుదురుగా నిలబడడానికి 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ దాకా ఆగవలసివచ్చింది. అంతకు ముందు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఖతి. ఒకచోట వ్రాసినది మరొకచోట డబ్బాలు. ఆర్టీయస్‌లో అక్షరాలు కొట్టుకుని, లేఖినిలో వ్రాసి, అతికించి, "మీకు తెలుగు కనబడుతోందా?" అని ఒకరినొకరు అడుగుకుంటూ గడిపిన రోజులు మనవి. ఎక్కడో పరదేశంలో తయారైన ప్లికర్సులో నేను 'సవర్ణదీర్ఘసంధి' అని టైపు చేస్తే దీర్ఘమూ సున్నా ఒత్తూ చెదరకుండా తెర మీద నిలిచాయంటే, దాని వెనుక ఆ డబ్బాలతో కుస్తీ పట్టిన తరం ఉన్నది. ఆ తరంలో మీరందరూ ఉన్నారు.

* * *

ఇంతవరకు చదివాక కూడా నా ప్రశ్నకు పూర్తి జవాబు దొరకలేదు. అది భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ అనుభవంలో దొరికింది. ఆయన హార్వర్డు ఆచార్యుడు. మంచి బోధకుడని విద్యార్థులు మెచ్చుకునేవారు, క్లిష్టమైన లెక్కలు కూడా చేసి చూపించేవారు. 1990 ప్రాంతంలో, సూత్రాలతో పని లేని మామూలు భావనల మీద ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టాడు. ఒక విద్యార్థిని ఆయననే అడిగిందట, ఈ జవాబులు మీరు చెప్పినట్టు వ్రాయాలా, లేక నేను మామూలుగా అనుకునేట్టు వ్రాయాలా అని. ఆచార్యులవారికి కళ్ళు తెరుచుకున్నాయి. 1991 నుండి ఆయన పద్ధతి మార్చాడు. ముందు ప్రశ్న. ప్రతి ఒక్కరూ ఎవరికి వారే జవాబు ఇవ్వాలి. తరువాత పక్కవాడితో వాదించుకోవాలి. మళ్ళీ జవాబు ఇవ్వాలి. ఆ తరువాతే గురువు వివరణ. జవాబులు సేకరించడానికి మొదట సామాన్యమైన సాధనాలే వాడి, తరువాత మీట నొక్కే యంత్రాలు తెచ్చుకున్నాడు.

చదువుతుంటే నా మూడో బల్ల కుర్రవాడే కళ్ళ ముందు మెదిలాడు. వాడు కూడా అదే అడిగాడు, మర్యాదగా, నేలచూపులు చూస్తూ.

మరుసటి పాఠంలో నేనూ అదే చేశాను. మేనల్లుడినే మళ్ళీ తెర మీదికి తెచ్చాను. సమాధానం నేను చెప్పనన్నాను. "పక్కవాళ్ళతో అయిదు నిమిషాలు వాదించుకోండి. రామానుజుడు అన్నట్టు మేనాల్లుడు అని ఎందుకు అనమో తేల్చండి" అన్నాను. ముప్పై అయిదేళ్ళు "నిశ్శబ్దం!" అని అరచిన నోటితో మాట్లాడుకోండి అనడం ఎంత కష్టమో ఉపాధ్యాయులైతే తెలుసుకోగలరు. తరగతి సంతలా అయింది. కిటికీ నుండి ప్రధానోపాధ్యాయులు తొంగిచూశారు. నేను చేతితో సైగ చేశాను, నా ఆజ్ఞతోనే ఈ గోల అని. ఒక మూల నుండి వినబడింది: "మేన అంటే మనింట్లో మాటే, రామ అంటే శ్లోకంలో మాట." వ్యాకరణ గ్రంథాలలో ఆచ్ఛికం, తత్సమం అని చదివిన నాకు ఇంతకన్నా సులువైన విభజన ఎప్పుడూ తట్టలేదు.

ఫోను తిప్పాను. అత్వసంధి ఇరవై నాలుగు. సవర్ణదీర్ఘం ఏడు. ఆ ఏడుగురెవరో ఇప్పుడు నాకు పేర్లతో సహా తెలుసు. వారిలో ఇద్దరు ముందు బల్లవారే! "అర్థమయిందండీ" అని అందరికన్నా గట్టిగా అన్న గొంతులే అవి. మరునాడు చింతాకును పక్కన పెట్టి, పుట్టిన + ఇల్లు = పుట్టినిల్లు, వెళ్ళిన + అప్పుడు = వెళ్ళినప్పుడు అన్న ఉదాహరణలతో ఆ ఏడుగురినీ కూర్చోబెట్టుకున్నాను.

2020లో బడులు మూతపడినప్పుడు ఎవరో కోరితే కొన్నాళ్ళు వీడియోలో పాఠాలు చెప్పాను. తెర నిండా పేర్లు వ్రాసిన నల్లని గళ్ళు. ఎవరున్నారో ఎవరు లేరో తెలియదు. పాఠం ముగించి, "సందేహాలున్నాయా?" అంటే నల్లని గళ్ళు పలకలేదు. ఫోను లేని పిల్లలు ఆ గళ్ళలో కూడా లేరు. ఈ అట్టముక్కల మీది నల్లని గళ్ళు మాత్రం ఒక్క ఫోనుతో గది మొత్తాన్ని పలికించాయి. రెండూ అంతర్జాలపు పనిముట్లే. మొదటిదానిలో నేను నల్లబల్లలాగే పలికి ఊరుకున్నాను. రెండోదానిలో వినవలసి వచ్చింది.

దీని అర్థం పనిముట్టు శాశ్వతమని కాదు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు కాలం చెల్లి, దాని మీద ఆధారపడిన పాఠాలూ ఆటలూ ఎన్నో ఒక్కసారిగా మూగపోయాయి. నేనొక ఆన్‌లైన్ తెల్లబల్ల మీద మూడు నెలలు కష్టపడి పద్యాలకు పదవిభాగాలు తయారుచేసుకుంటే, ఆ సంస్థ దానినే ఎత్తివేసింది. సైట్ ఉపగ్రహం వెళ్ళిపోయినట్టే ఇవీ వెళ్ళిపోతాయి. అరువు సొమ్ము కదా. ప్లికర్సు కూడా ఒకనాటికి పోవచ్చు. అందుకని నేర్చుకోవడం మానేద్దామా? ఇసుక పోయింది, కడితం పోయింది, నేర్చిన అక్షరం పోలేదు. పనిముట్టు నేర్పిన అలవాటు మన చేతిలో మిగిలితే చాలు. నాకు మిగిలిన అలవాటు ఇది: "అర్థమయిందా?" అని అడగడం మానేశాను. అందరినీ ఒకేసారి, ఒకరి జవాబు ఒకరికి కనబడకుండా, అర్థాన్ని పరీక్షించే ప్రశ్న ఒకటి అడుగుతున్నాను.

సెలవు మీద వెళ్ళిన ఉపాధ్యాయిని తిరిగి వచ్చాక కూడా వారానికి ఒకరోజు రమ్మన్నారు. 2025లో ఒక వానాకాలపు మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయింది, నెట్టూ పోయింది. అట్టముక్కలు చేతిలో ఉన్నాయి, చదివే యంత్రం లేదు. పిల్లలు నా వంక చూశారు. పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరిని పంపి, పలకలూ బలపాలూ అరువు తెప్పించాను. ప్రశ్న నోటితో చెప్పాను. జవాబు అంకె వ్రాసి పలకను గుండెకు ఆనించుకుని, చప్పట్లు వినగానే ఎత్తమన్నాను.

ఎత్తారు. మసక వెలుతురులో ఒక్కొక్క పలకా చదువుకుంటూ వరుసల మధ్య నడిచాను. తొమ్మిది తప్పులు కనిపించాయి. మూడో బల్ల కుర్రవాడు పదో తరగతికి వెళ్ళిపోయాడు గాని, ఆ బల్ల మీద కొత్తగా కూర్చున్న పిల్ల పలకలో కూడా తప్పే ఉన్నది. బలపం అందుకుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

ఉపాధ్యాయ మిత్రులెవరైనా తమ 'చింతాకు' ఏదో పట్టుకోగలిగితే ఇక్కడ వ్యాఖ్యగా వ్రాయండి. నా వ్రాతలో దోషాలుంటే మొగమాటం లేకుండా దిద్దండి. దిద్దించుకోవడం ఈ వయసులో కొత్తగా అలవాటు చేసుకున్నాను.

స్వస్తి.